అంచులు కత్తిరించకండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఫొటోలకు మొబైల్ యాప్‌లతో ప్రాణం పోయడం గురించి మొన్న ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కాదనను. పక్కపక్కనే రెండు బొమ్మలు కూడా వేశారు, ఎడమవైపు మచ్చలు పడ్డ పాత ఫొటో, కుడివైపు రంగులద్దుకుని నిగనిగలాడే కొత్తది. ఎడమవైపు దాంట్లో అడుగున అట్ట మీద ఏవో అక్షరాలు సగం సగం కనిపిస్తున్నాయి. కుడివైపు దాంట్లో ఆ పట్టీయే లేదు. నా గొడవంతా ఆ పట్టీ గురించే.

మా తాతమ్మ ఫొటో మాకు ఒక్కటే ఉంది. కుర్చీలో ఆవిడ, ఒకపక్క నిలబడి అయిదారేళ్ల మా తాతయ్య, ఇంకోపక్క కుర్చీ వీపు మీద చెయ్యి వేసి మరొకావిడ. ఆవిడెవరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మందపాటి అట్టకు అతికించిన ఫొటో, అట్ట కింది భాగంలో బంగారు రంగు అక్షరాలు ఉండేవని చిన్నప్పుడు చూసిన గుర్తు, ఏం అక్షరాలో మాత్రం గుర్తు లేదు, అప్పట్లో అవి నాకు ఫొటోకి పెట్టిన నగిషీలా అనిపించేవి అంతే. కొన్నేళ్ల కిందట మా పెదనాన్నగారి అబ్బాయి ఆ ఫొటో తీసుకెళ్లి, యాప్‌లో పెట్టి, మచ్చలు తీసేసి, రంగులు వేయించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరం మురిసిపోయాం, నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు. తర్వాత అసలు ఫొటో ఏదన్నయ్యా అంటే కొత్త ఫ్రేములో పెట్టి తెచ్చాడు. ఫ్రేములో పట్టలేదని అట్టను నాలుగువైపులా కత్తెరతో కత్తిరించేశాడు. బంగారు అక్షరాలు చెత్తబుట్టలోకి పోయాయి. రంగుల దాంట్లో అయితే పక్కన నిలబడ్డావిడ కూడా లేదు. "ఎవరో తెలీదు కదా, తీసేస్తే నీట్‌గా ఉంటుందని" అన్నాడు.

ప్రేమతోనే చేశాడు. అందుకే ఏమీ అనలేకపోయాను, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఇద్దరికీ ఇబ్బందే.

ఆ రంగుల ఫొటోను మా అత్తయ్యకు చూపించాం. ఎనభై ఎనిమిదేళ్లు ఆవిడకు, తాతమ్మను కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి "ఎవరే ఈవిడ?" అంది. "మా నాయనమ్మకి కనుబొమ్మ మీద గాటు ఉంటుందే, అదేదీ?" యాప్ ఆ గాటును కాగితం మీద పడ్డ గీత అనుకుని చెరిపేసింది. తాతమ్మను గుర్తుపట్టడానికి ఉన్న ఒకే ఒక్క గుర్తు అది.

రంగుల సంగతి ఇంకా ఘోరం. ఆ రంగులు యాప్‌కి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్నదాన్ని బట్టి ఇక్కడ ఈ రంగు ఉంటుందేమో అని ఊహిస్తుంది. పైగా ఆ రోజుల్లో గాజు పలకల మీద పూసే మందుకి నీలం వెలుగు బాగా అంటేది, ఎరుపు దాదాపు అంటేదే కాదు. అందుకని ఎర్రబట్ట ఫొటోలో నల్లగా పడేది, లేత నీలం తెల్లగా పాలిపోయేది, పసుపు కూడా ఉన్నదానికంటే ముదురుగా వచ్చేది. మా తాతమ్మ ఒంటి మీద నల్లగా కనిపించే బట్ట నిజంగా నలుపే కావచ్చు, ఎరుపు కావచ్చు, ముదురు పసుపైనా కావచ్చు, నీలం అయ్యే అవకాశమే అన్నిటికంటే తక్కువ. యాప్ నీలం వేసింది. ఇప్పుడు మా పిల్లలు నీలం బట్టల తాతమ్మ అంటున్నారు, ఇంకో ఇరవై ఏళ్లకు అదే మా కుటుంబ చరిత్ర అయి కూర్చుంటుంది.

ఫొటోలో మొహాలు చూడ్డం అందరికీ వచ్చు. తేదీ, ఊరు, తీసిన మనిషి, ఇవన్నీ దొరికేది మాత్రం అంచుల్లో, వెనకవైపు, అట్ట మందంలో. అట్ట కొలతే సగం కథ చెబుతుంది. 1854లో పారిస్‌లో డిస్దెరి అనే ఫొటోగ్రాఫర్ పేటెంటు తీసుకున్న చిన్న సైజు ఒకటుంది, కార్ట్ డి విజిట్ అంటారు, సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మన విజిటింగ్ కార్డుకి కాస్త అటూఇటూ. 1866 ప్రాంతంలో దాని అన్నలాంటిది క్యాబినెట్ కార్డు వచ్చింది, 11 సెంటీమీటర్లకి 16న్నర. అంటే క్యాబినెట్ సైజు అట్ట మీదున్న ఫొటోను చూపించి ఇది 1850ల నాటిది అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. కార్డు మూలలు గుండ్రంగా ఉన్నాయా, అంచుకి బంగారు పూత ఉందా, స్టూడియో పేరు అచ్చువేశారా ఉబ్బెత్తుగా నొక్కారా అన్నవాటిని బట్టి ఇంకా దగ్గరికి రావచ్చు.

వెనకవైపు ఇంకా రుచి. అమెరికాలో అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఫొటోల మీద కూడా పన్ను వేశారు, 1864 సెప్టెంబర్ నుంచి 1866 ఆగస్టు దాకా అమ్మిన ప్రతి ఫొటో వెనకా రెవెన్యూ స్టాంపు అంటించేవాళ్లు. ఆ స్టాంపు ఉంటే చాలు, రెండేళ్ల లోపు తేదీ చేతిలో పడ్డట్టే. స్టాంపు మాసిపోయి ఉంది కదా అని గీకేసినవాళ్లు ఎంతమందో. పోస్టుకార్డు కాగితం మీద వేసిన ఫొటోలదీ ఇదే వరస, వెనకవైపు నిలువు గీత కొట్టి ఒక పక్క చిరునామా, ఒక పక్క ఉత్తరం రాసుకునేలా ఉందంటే బ్రిటన్‌లో అది 1902 తర్వాతది, అమెరికాలో 1907 తర్వాతది, అంతకుముందు ఆ పక్కన చిరునామా ఒక్కటే రాయనిచ్చేవాళ్లు. నల్లటి గదిలో అతినీలలోహిత దీపం పెట్టి చూస్తే కొన్ని ఫొటో కాగితాలు నీలంగా మెరుస్తాయి, బట్టల సబ్బుల్లో వాడే తెల్లదనం మందులాంటిదే 1950ల నుంచి ఫొటో కాగితాల్లోనూ కలపడం మొదలుపెట్టారు కనక. అలా మెరిసిందంటే బొమ్మ ఎంత పాతదైనా కాగితం పాతది కాదు.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. బొమ్మ వయసు వేరు, కాగితం వయసు వేరు. మన ఇళ్లలో ఉన్నవాటిలో ఎన్నో ఫొటోకి తీసిన ఫొటోలు. అన్నదమ్ములు విడిపోయినప్పుడో, ఎవరో పోయినప్పుడు పెద్దది చేయించినప్పుడో తీసినవి. అట్ట మీదున్న స్టూడియో కాపీ తీసినవాళ్లదే తప్ప తాతయ్యకు ఫొటో తీసినవాళ్లది కాకపోవచ్చు. బొమ్మ అంచుల్లో ఇంకో అట్ట నీడ కనిపిస్తోందా, నాలుగు మూలలా గుండుసూదుల గుర్తులున్నాయా చూసుకోవాలి. అదీ కత్తిరిస్తే పోయేదే.

లోహపు రేకుల మీద తీసిన మరీ పాత ఫొటోలకైతే ఇంకో తిరకాసు ఉంది. 1839లో లోకానికి తెలిసిన డాగెరోటైప్‌లోనూ, 1850ల నుంచి వచ్చిన టిన్‌టైప్‌లోనూ (పేరుకే టిన్ను, నిజానికి ఇనుప రేకు, అయస్కాంతం అంటుకుంటుంది) బొమ్మ చాలావరకు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కుడిచేతి ఉంగరం ఎడమచేతికి కనిపిస్తుంది, చొక్కా గుండీలు అటువి ఇటు అవుతాయి. అది చూసి ముత్తాత ఎడమచేతివాటం అని తేల్చేసినవాళ్లున్నారు. అన్నట్టు, పాత ఫొటోల్లో మనిషి పాదాల వెనక ఇనుప స్టాండు కాలు కనిపిస్తే అది శవాన్ని నిలబెట్టి తీసిన ఫొటో అని ఇంటర్నెట్‌లో ఒక భయంకరమైన కథ తిరుగుతుంటుంది, నమ్మకండి. ఆ స్టాండు బతికున్నవాళ్లు కాసేపు కదలకుండా ఉండటానికి తలకి ఆనించేది. శవాన్ని మోసేంత బలం దానికి లేదు.

ఫొటోల దగ్గరే ఉండిపోయాను, రికార్డుల సంగతికి వస్తాను. అక్కడా ఇదే జబ్బు. ఇప్పుడు ఏ వెబ్‌సైట్‌లో వెతికినా పేరు కొట్టగానే ఒక వరుస వస్తుంది, పేరు, ఏడాది, ఊరు, తండ్రి పేరు, అంతే. అది రికార్డు కాదు, రికార్డుకి ఎవరో రాసుకున్న సూచిక. పేజీ బొమ్మ తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఫ్రాన్సులో పుట్టుకల రిజిస్టర్ల మార్జిన్లో ఆ మనిషి పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో జరిగిందో 1897 చట్టం నుంచి రాస్తూ వచ్చారు. ఒక బిడ్డ పుట్టుక నమోదు పక్కన పాతికేళ్ల తర్వాత వేరే గుమాస్తా వేరే సిరాతో రాసిన రెండు లైన్లవి. పేరు, తేదీ ఎక్కించుకుని తర్వాతి పేజీకి వెళ్లిపోయినవాళ్లకి ఆ పెళ్లి ఎప్పటికీ కనపడదు.

రికార్డు అచ్చంగా నిజం చెబుతుందనీ అనుకోకూడదు. అది ఎవరు రాశారో, ఎలా రాయమని వాళ్లకు చెప్పారో తెలిస్తేనే అర్థమవుతుంది. ఇంగ్లండులో 1841 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదుతో భాగించబడే కింది అంకెకు దించి రాయమన్నారు, ముప్ఫైనాలుగేళ్ల మనిషి ముప్ఫై అని ఉంటాడు. కొందరు గుమాస్తాలు ఆ మాట విని దించారు, కొందరు వినలేదు. దాంతో పుట్టిన సంవత్సరం లెక్కేసుకుని ఈయన మన ముత్తాత కాదు, నాలుగేళ్లు తేడా ఉంది అని పక్కన పెట్టేస్తే మన తప్పే. ఇంకొకటి, ఇంగ్లండులో 1752కి ముందు ఏడాది మార్చి 25న మొదలయ్యేది. అక్కడి చర్చి పుస్తకంలో ఒక బిడ్డకు ఏప్రిల్ 1720లో బాప్తిస్మం ఇచ్చినట్టు, ఫిబ్రవరి 1720లో ఖననం చేసినట్టు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ ఫిబ్రవరి తర్వాత వచ్చిందే. మన లెక్కలో 1721.

మరణ ధ్రువపత్రంలో పుట్టిన తేదీ ఉంటుంది చూశారూ, దాన్ని చూసి చాలామంది పొంగిపోతారు. అది చెప్పింది పోయిన మనిషి కాదు. ఏడుపుల మధ్యలో అల్లుడో, పక్కింటాయనో చెప్పింది. చావు తేదీకి అది గట్టి సాక్ష్యమే, పుట్టిన తేదీకి మాత్రం విన్నమాట. సమాచారం ఇచ్చింది ఎవరు అన్న గడి సాధారణంగా ఆ కాగితం అడుగునో మూలనో ఉంటుంది, ఎక్కించుకునేటప్పుడు జనం మొదట వదిలేసేది ఆ గడినే.

న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు వాళ్ల పేర్లు మార్చేశారన్న కథ అమెరికాలో ఇంటింటికీ ఉంది. అక్కడి ఇన్‌స్పెక్టర్లు పేర్లు రాసుకునేవాళ్లు కాదు, ఓడ బయలుదేరిన రేవులోనే కంపెనీ తయారుచేసిన జాబితాతో పోల్చి చూసుకునేవాళ్లు, అంతే. పేర్లు ఎక్కువగా మార్చుకున్నది వాళ్లే, తర్వాత, ఉద్యోగం కోసమో స్కూల్లో పిల్లల కోసమో. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి ఒక కథ ఉంటుంది, ఎవడో గుమాస్తా మన ఇంటిపేరు పాడుచేశాడని. కొన్నిసార్లు నిజమే అవుతుంది. కానీ కథ నచ్చిందని రాసిపెట్టుకోకూడదు, కథ అని రాసి పక్కన పెట్టుకోవాలి.

కాగితమే లేకుండా పోయిన చోట్ల గతి ఏమిటంటే, దొడ్డిదారి వెతుక్కోవడమే. అమెరికా 1890 జనాభా లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడయ్యాయి. 1922లో డబ్లిన్‌లో జరిగిన పోరులో ఐర్లండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి వందల ఏళ్ల దస్తావేజులు పోయాయి, కాలిన ముక్కలు ఊరి మీద ఎగిరిపడ్డాయట. అయినా అక్కడివాళ్లు తమ పెద్దల్ని వెతుక్కుంటూనే ఉన్నారు, ఇతర చోట్ల మిగిలిన నకళ్లు, అంతకుముందే ఎవరో రాసుకున్న నోట్సులు పట్టుకుని. పోయినవాటిలో ఎంతో కొంత మళ్లీ కూర్చి 2022లో ఆన్‌లైన్‌లో పెట్టారు కూడా.

మాకు దారి చూపించింది కూడా ఒక అంచే. తాతమ్మ పేరున్న ఒక పాత క్రయ దస్తావేజు నకలు సంపాదించాను. అంతకుముందు ఒకాయన దాన్ని చూసి నాకు సారాంశం రాసిచ్చాడు, అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, హద్దులు, సొమ్ము. సాక్షుల పేర్లు రాయలేదు, సాక్షులెవరైతే ఏముంది అని కాబోలు. నకలు చేతికొచ్చాక చూస్తే చివర ఇద్దరు సాక్షులు, ఒకాయన ఇంటిపేరు మా వాళ్లెవరిదీ కాదు. ఆ రోజుల్లో ఆడమనిషి పేరు మీద అమ్మకం జరిగితే సాక్షిగా వచ్చేవాడు దారినపోయే దానయ్య అయి ఉండడు, చుట్టమో, నమ్మకమైనవాడో అయి ఉంటాడని ఆ ఇంటిపేరు పట్టుకుని వెతికాను. ఏడాదిన్నర పట్టింది. రెండుసార్లు తప్పు కుటుంబాలకు ఫోన్ చేసి క్షమించమని పెట్టేశాను. మూడోసారి తగిలినాయన నా మాట విని, "మా దగ్గరా ఒక పాత ఫొటో ఉందండీ, పంపిస్తా, మీకేమైనా తెలుస్తుందేమో చూడండి" అన్నాడు.

అదే కుర్చీ. వెనక గుడ్డ మీద గీసిన అదే మెట్ల వరస, ఎడమవైపు అదే విరిగిన పిట్టగోడ బొమ్మ. కుర్చీలో ఈసారి మా ఫొటోలో పక్కన నిలబడ్డావిడ కూర్చుని ఉంది, వెనక మా తాతమ్మ నిలబడి ఉంది. అక్కాచెల్లెళ్లు చోట్లు మార్చుకుని ఒకేరోజు రెండు ఫొటోలు తీయించుకుని చెరొకటి ఉంచుకున్నారు. తెరలు, కుర్చీలు స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాడతారు, వాటిని బట్టి ఒకేరోజు అనలేం. కానీ ఇద్దరి బట్టలూ అవే, తాతమ్మ భుజం మీద బట్ట మడత కూడా అదే. ఆ సాక్షి ఈవిడ భర్త. వాళ్ల ఫొటో అట్టను ఎవరూ కత్తిరించలేదు, బంగారు అక్షరాలు మాసిపోయి ఉన్నా పేరు, వీధి చదవగలిగాం. పాత డైరెక్టరీల్లో చూస్తే ఆ స్టూడియో ఆ వీధిలో ఉన్నది ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లను ఫొటోలో మా తాతయ్య వయసుతో కలిపి చూసుకుంటే మూడేళ్ల తేడాలోకి వచ్చాం. అంతకంటే నాకు అక్కర్లేదు.

యాప్ చెరిపేసిన మనిషే మాకు ఇంకో ఇంటిని తెచ్చిపెట్టింది. ఫోన్‌లో ఆ ఫొటో చూపిస్తే అత్తయ్య మొదట ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి "మా నాన్న పెద్దమ్మ పెద్దమ్మ అని కలవరించేవాడు చివర్లో, మేం ఎవరో అనుకున్నాం" అంది.

పెద్దవాళ్లను అడగడం గురించి మీ వ్యాసంలో ఒక్క లైను ఉంది, అది ఒక పేజీ ఉండాల్సింది. ఆర్కైవ్సులో కాగితాలు వచ్చే ఏడాదీ ఉంటాయి. అడిగేటప్పుడు ఇదెవరు అని అడిగితే తెలీదు అనేస్తారు, మాట అక్కడే ఆగిపోతుంది. ఈ గోడ ఏ ఇంటిది, ఈ పిల్ల చేతిలో ఉన్నది ఏమిటి, అప్పుడు ఫొటో ఎవరు తీశారు అని పక్కనుంచి వెళ్తే వస్తుంది. చెప్పింది వాళ్ల గొంతుతోనే రికార్డు చేసుకోండి, మీ మాటల్లోకి మార్చి రాసుకుంటే సగం పోతుంది. వాళ్లు దాచాలనుకున్న సంగతులు కూడా బయటపడతాయి, రెండో పెళ్లిళ్లు, లెక్కలోకి రాని బిడ్డలు. బతికున్నవాళ్లకు తగిలేదైతే గ్రూపులో పెట్టకుండా దగ్గర పెట్టుకోవడం మర్యాద.

ఇక స్కాన్ చేసేటప్పుడు, ఎవరైనా చేస్తారేమో అని చెబుతున్నా, తెలుపు నలుపు ఫొటో అయినా కలర్‌లోనే చేయండి, వెనకవైపు కూడా, చుట్టూ కొంచెం ఖాళీ కనిపించేలా, 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తగ్గకుండా. యాప్‌లు, రంగులు అన్నీ ఆ తర్వాత నకలు మీద. పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున రాయండి, బాల్‌పెన్‌తో వద్దు, మొహం మీద గాట్లు పడతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తరకం ఫొటోల మీద పెన్సిల్ నిలవదు, వాటిని కవర్లో పెట్టి కవరు మీద రాయండి. జిగురు పేజీల ఆల్బములు ఇంట్లో ఉంటే వాటిలోంచి ఫొటోలు బయటికి తీయడం మొదలుపెట్టండి, రాకపోతే మాత్రం పీకకండి, పేజీ పేజీగా స్కాన్ చేసి అలాగే ఉంచండి.

మీకు నా విన్నపం పెద్దదేం కాదు. పాఠకులు పంపిన పాత ఫొటోలు మీరు వేస్తుంటారు కదా, వాటిని అట్టతో సహా వేయండి. వెనక ఏమైనా రాసి ఉంటే అదీ చిన్నదిగా పక్కన వేయండి. కింద పేర్లు వేసినప్పుడు ఆ పేర్లు ఎవరు చెప్పారో ఒక్క ముక్క రాయండి. యాప్‌లో పెట్టినదైతే యాప్‌లో మార్చినది అని స్పష్టంగా వేయండి. ఎవరో చూసి అదే కుర్చీ మా ఇంట్లోనూ ఉంది అనుకునే అవకాశం వాళ్లకి ఉంచండి.

ఉత్తరం పొడుగైంది, మీకు జాగా చాలదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మధ్యలో ఎక్కడైనా కత్తిరించుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు